ఇడ్లీ పాత్రలో వెంచర్ మామ తలకాయ

ఆ రోజుల్లో నాచారంలో డిగ్రీ పాసైన ఆడపిల్ల ముందు రెండే దారులుండేవి. ఒకటి, ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర కంపెనీ బస్సు ఎక్కడం. రెండోది, ఎక్కినవాళ్ళను చూపించి "నువ్వెప్పుడు ఎక్కుతవే?" అని అమ్మ అడిగితే గోడ వైపు చూడటం. ఆ రెండో దారిలో నేను చాలా దూరమే ప్రయాణించాను. అప్పటి నన్ను ఇప్పుడు తలుచుకుంటే కాస్త జాలి, ఎక్కువగా నవ్వు. ఎందుకంటే ఏ పనీ లేకపోయినా నన్ను నేను గొప్ప శిల్పి అనుకునేదాన్ని. ఆధారం ఏమిటంటే, క్రిస్మస్‌కు మా చర్చిలో పశువుల పాక పెట్టేటప్పుడు విరిగిన బొమ్మలన్నీ నేనే అతికేదాన్ని. ఒక ఏడు గొర్రెల కాపరి తల పగిలిపోతే, దొరికింది కదా అని ప్లాస్టిక్ క్రికెట్ ఆటగాడి తల తెచ్చి పెట్టాను. హెల్మెట్టు పెట్టుకుని బాలయేసును చూడటానికి వచ్చిన కాపరి ప్రపంచం మొత్తానికి మా చర్చిలోనే ఉండి ఉంటాడు. పాస్టరుగారు వంగి చూసి, "జాగ్రత్త గల మనిషి" అని మాత్రం అన్నారు. దాన్ని నేను ప్రశంస కిందే లెక్క వేసుకున్నాను.

చివరికి నాకు మల్లాపూర్‌లో ఒక రేకుల షెడ్డులో ఉద్యోగం దొరికింది. ప్లాట్లు, విల్లాలు అమ్మేవాళ్ళకు నమూనా ఊళ్ళు కట్టి ఇచ్చే షెడ్డు అది. అట్టతో గోడలు, రంగు స్పాంజి ముక్కలతో చెట్లు, నీలం ప్లాస్టిక్కుతో ఈత కొలను. యజమానిని అందరం స్కేల్ సార్ అనేవాళ్ళం. ఆయన ఎప్పుడూ ఒక ఉక్కు స్కేలును చొక్కా కాలరులో వీపు వైపు దోపుకుని ఉండేవాడు. దాంతో గోడలు కొలిచేవాడు, వీపు గోక్కునేవాడు, ఒక్కోసారి (నేను కళ్ళారా చూశాను) మామిడికాయ కూడా కోసేవాడు.

నేను చేరిన కొత్తలోనే నారపల్లిలో రాబోయే విల్లాల నమూనా ఒకటి తయారైంది. దాన్ని చూడటానికి ఆ వెంచర్ యజమాని వచ్చాడు. ఆయన మాకు వెంచర్ మామ. మొన్నమొన్నటిదాకా అదే భూమిలో నాగలి పట్టి, ఇప్పుడు తెల్ల చొక్కా, చేతికి బంగారు కడియం వేసుకున్న మనిషి. నమూనా చుట్టూ ఒకసారి తిరిగి, ముక్కు దాదాపు ఈత కొలనుకు ఆనేలా వంగి, ఉలిక్కిపడి లేచాడు.

"ఏంది సార్ గిది? గింత పెద్ద వెంచర్ల ఒక్కడన్న మనోడు లేడు. అందరు టోపీలు, టైలు. నేను నారపల్లిల అమ్ముతున్ననా, లండన్‌ల అమ్ముతున్ననా?"

"బొమ్మలు పాకెట్ల గట్లనే వస్తయన్నా. బయట దేశం మాల్," అన్నాడు స్కేల్ సార్, వీపు గోక్కుంటూ.

"రానియ్యి. వచ్చినంక మార్సున్రి. మనోళ్ళు గావాలె. కానీ జర హై క్లాస్ మనోళ్ళు. నన్ను గేట్ కాడ నిలవెట్టున్రి. మా అమ్మకు పట్టుచీర గట్టి బాల్కనీల కూసోవెట్టున్రి. ఆదివారం ఓపెనింగు."

ఆయన వెళ్ళిపోయాక సార్ షెడ్డంతా చూసి నా దగ్గర చూపు ఆపాడు. "నువ్వు చర్చిల తలకాయలు మారుస్తవంట గదా?"

అలా నా చేతికి ఒక ఊరి జనాభా వచ్చింది. ఒక్కో మనిషి వేలి కణుపంత, తల పెసరగింజంత. నల్లా కారితే రెండు ముద్దలు కలిపి పిసికి పెడతారే, ఆ లప్పం, ఒక బ్లేడు, అమ్మ కుట్టు డబ్బాలోని సూది: ఇవే నా ఆయుధాలు. మొదట దొరలందరి తలలూ కోసేశాను. (మా అమ్మమ్మ చెప్పే జమీందారు కథల్లో కూడా అంత ఊచకోత లేదు.) గోల్ఫ్ ఆడే ఒక ముసలి దొర కర్రను చీపురుగా మార్చి, కొంగు దోపి, పనిమనిషిని చేశాను. కుక్కను నడిపించే ఆయనకు ప్యాంటు మీద లప్పం చుట్టి లుంగీ కట్టాను. అది గట్టిపడేసరికి గాలికి ఎగిరినట్టు పైకి లేచి ఉండిపోయింది. మర్యాద కోసం కుక్కను ముందు నిలబెట్టాను. అన్నింటికన్నా కష్టపెట్టింది ఈత కొలను పక్కన రెండు పేలికలు కట్టుకుని పడుకున్న దొరసాని. ఆమెకు చీర చుట్టేసరికి నిండు చూలాలిలా తయారైంది. సరే, కొత్త కాపురాలుండే చోటే కదా అని ఆమె పక్కన ఒక కంగారుపడే మొగుణ్ణి చేసి నిలబెట్టాను.

శనివారానికి తలలు మాత్రమే మిగిలాయి. షెడ్డులో పని తెమలక వాటిని ఇంటికి తెచ్చుకుని, ఒక్కో ముఖం సూదితో చెక్కి, ఆరబెట్టడానికి ఇడ్లీ రేకులో గుంటకొక తల చొప్పున పెట్టాను. అవి దొర్లిపోకుండా ఉండే చోటు ఇంట్లో అదొక్కటే. వెంచర్ మామ తల మీద ప్రత్యేక శ్రద్ధ చూపించాను. మీసాలు, నుదుటి బొట్టు, ముక్కు సూటిగా, చూడగానే నమస్కారం పెట్టాలనిపించేలా.

ఆదివారం పొద్దున నేను తల దువ్వుకుంటుంటే నాయిన గొంతు వినిపించింది. "ఏమే, పిండిల రాయొచ్చింది!" వంటింట్లోకి పరుగెత్తి చూద్దును కదా, అమ్మ ఇడ్లీలు వడ్డిస్తోంది. చర్చికి టైమవుతోందన్న తొందరలో, కళ్ళద్దాలు కూడా పెట్టుకోకుండా, తలల మీదే పిండి పోసి ఆవిరికి పెట్టేసింది. నాయిన నోట్లోంచి తీసిన దాన్ని వెలుతురులో పట్టుకుని చూస్తున్నాడు.

"గిది రాయి గాదు. దీనికి మీసాలున్నయి!"

"అయ్యో నాయినా, అది మా వెంచర్ మామ తలకాయ!"

అమ్మ చేతిలోని చట్నీ గిన్నె కింద పడింది. "ప్రభువా! ఇడ్లీల మనుషుల తలకాయలు! గిదేం నౌకరే నీది? గీ ఇంట్ల తిననీకి గూడ భయమాయె!" ఆ తర్వాత ముగ్గురం కూర్చుని ఇడ్లీలన్నీ విరిచి తలలు ఏరాము. (ఆ లప్పం నోట్లోకి పోతే ఏమవుతుందో పాకెట్టు మీద రాసి ఉంది. నాయినకు అది కనబడకుండా పాకెట్టును బొర్లించాను. ఆయన ఈనాటికీ గుండ్రాయిలా ఉన్నాడు.) ఆవిరికి తలలు భేషుగ్గా గట్టిపడ్డాయి. ఒక్క వెంచర్ మామ ముక్కే నాయిన దవడపన్ను కింద పడి ఎడమవైపుకి ఒరిగిపోయింది. బాగుచేసే టైము లేదు. తలలన్నిటినీ పట్టుకుని నారపల్లి చేరుకుని, ఆ వంకర ముక్కుతోనే మామనూ మిగతావాళ్ళనూ మొండేలకు అతికించాను.

అక్కడ పందిరి, మైకు, బిర్యానీ డేగిశాలు, బోలెడంత జనం. నమూనా మీద పెట్టాల్సిన అద్దం పెట్టె ఇంకా రాలేదు. వెంచర్ మామ నేరుగా గేటు దగ్గరి తన బొమ్మ వైపే వెళ్ళాడు. ఫోనులోని కెమెరాతో పెద్దది చేసి చూశాడు. నేను స్కేల్ సార్ వెనక నక్కాను.

"సార్! గీ ముక్కు ఎవరు జేసిన్రు? చిన్నప్పుడు కబడ్డిల ఇరిగిన ముక్కు సార్ నాది! ఎవ్వలకు కానరాదనుకున్న. గీ పిల్ల ఎట్ల వట్టిందో సూడున్రి!"

కళాకారిణికి తగిన వినయంతో తల వంచాను. ఆ కీర్తి నిజానికి మా నాయిన పంటికి దక్కాలి.

ఇంతలో వెంచర్ మామ వాళ్ళ అమ్మను కారులో తీసుకొచ్చారు. ముతక చీర, చేతుల నిండా పచ్చబొట్లు, ఎండకు కమిలిన చురుకైన ముఖం. కొడుకు మురిసిపోతూ బాల్కనీ వైపు చూపించాడు. అవ్వ కళ్ళు చికిలించి చూసింది.

"ఎవలురా గీమె?"

"నువ్వేనమ్మా."

"నేనా? పట్టుచీర గట్టి, పట్టపగలు, ఉత్తగ కూసున్ననా? నాకేం రోగమొచ్చిందిరా?"

అంటూనే చెయ్యి చాచి, కలుపు మొక్కను పీకినట్టు ఆ బొమ్మను పీకేసింది. మనిషి చేతిలోకి వచ్చింది కానీ కూర్చునే భాగం మాత్రం కుర్చీకే అతుక్కుని ఉండిపోయింది. అవ్వ అదేమీ పట్టించుకోలేదు. తన బొమ్మను తీసుకెళ్ళి ఈత కొలను ఒడ్డున నిలబెట్టింది. "గీడ మా బాయి ఉండె. నేను గీడుంట."

అంతే, భోజనానికి వచ్చిన ఊరి ముసలివాళ్ళందరికీ హుషారొచ్చింది. "గట్లయితె మా ఎడ్ల కొట్టం గీడ" అని ఒకాయన లుంగీ మనిషిని ఎత్తి క్లబ్ హౌస్ మెట్ల మీద పెట్టాడు. "మా సీతాఫలం చెట్టేది?" అని ఇంకొకామె నా చూలాలిని మొగుడి పక్క నుంచి లాగేసింది. చూస్తుండగానే విల్లాలన్నీ ఖాళీ అయిపోయి, జనాభా మొత్తం ఈత కొలను చుట్టూ చేరింది. వెంచర్ మామ "అమ్మా, ముట్టకున్రి, పరువు పోతది" అంటున్నాడు. "నా బొమ్మ, నా ఇష్టం" అంటోంది అవ్వ. స్కేల్ సార్ నా చెవి దగ్గరికి వంగి, "వేరే నౌకరి సూస్కో బిడ్డా" అన్నాడు. ఇంట్లో తలకాయల గొడవ తర్వాత ఉద్యోగం కూడా పోయిందని చెబితే అమ్మ నన్నే ఇడ్లీ పాత్రలో పెడుతుంది.

అప్పుడు అంబర్‌పేట నుంచి వచ్చిన ఒక జంట ముందుకు జరిగింది. ఆమె నెమ్మదిగా అడిగింది. "అవ్వా, మీ బాయిల ఎండకాలం గూడ నీళ్ళుంటుండెనా?"

"ఉంటుండెనా అంటవేంది బిడ్డా! మోటర్ వెట్టి గుంజినా తెల్లారేసరికి మల్ల నిండుతుండె. ఊరంత మా బాయి నీళ్ళే తాగింది."

హైదరాబాదులో ఇల్లు కొనేవాడికి నీళ్ళు అన్న మాట వినబడితే బిర్యానీ కూడా చేదే. వెంటనే నలువైపుల నుంచీ జనం నమూనా మీదికి విరగబడ్డారు. బాయి పక్క విల్లా ఏది, ఇంకా ఉందా, మూల మీదిదా? వెంచర్ మామ ముఖంలో రంగు ఎంత వేగంగా మారిందో! "గందుకే గద సార్ ఈత కొలను గాడ వెట్టింది! కింద జల ఉన్నది! మా అమ్మనే సాక్షి!" స్కేల్ సార్ నా వైపు తిరిగి, "నేనేమన్న? నౌకరి సూస్కో అన్న. అంటే, మంచిగ సూస్కో అని," అన్నాడు.

భోజనాల దగ్గర అవ్వ నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. నా వేళ్ళకున్న సూది గాట్లను తడిమి, "గింత సన్న మనుషులను జేస్తె కండ్లు పోతయి బిడ్డా. పెండ్లి జేస్కో. పెద్ద మనుషులను జెయ్యి," అంది. నేను సిగ్గుపడి బిర్యానీలోని ఎముక మూలుగ పీల్చుకున్నాను.

ఆ తర్వాత ఏ వెంచర్ వాళ్ళు వచ్చినా "ఒక అవ్వ, ఒక బాయి" అని అడగడం మొదలుపెట్టారు. నీటి చుక్క ఎరగని గుట్టల మీది వెంచర్లకు కూడా అవ్వలను చేసిచ్చాను. ఎంతమందిని చేశానో నాకే గుర్తులేదు. అందరికీ ఆ పచ్చబొట్ల చేతులే పెట్టాను, నా చేతికి ఇంకోరకం చేతులు రాలేదు.

ఇప్పుడా షెడ్డు లేదు. నమూనా ఇళ్ళనూ బొమ్మ మనుషులనూ కూడా మిషన్లే పోసేస్తున్నాయి. అవ్వ చెప్పినట్టే నేను ఇద్దరు పెద్ద సైజువాళ్ళను తయారుచేశాను. వాళ్ళ తలలు నేను తిప్పిన వైపు ఒక్కనాడూ తిరగలేదు. మొన్న నారపల్లి మీదుగా బస్సులో పోతుంటే ఆ వెంచర్ కనబడింది. గేటు ముందు నీళ్ళ ట్యాంకరు ఆగి ఉంది. పై అంతస్తు బాల్కనీలో ఒకాయన బనీనుతో నిలబడి ట్యాంకరు వాడితో వాదిస్తున్నాడు. భుజాలు మరీ వంగిపోయాయి, మెడ సరిగ్గా కూర్చోలేదు, సూదితో కాస్త పైకెత్తితే చాలు అనుకుంటూ సంచిలో చెయ్యి పెట్టేశాను. చేతికి పిల్లల టిఫిన్ డబ్బా తగిలింది. పక్క సీటామె ఎందుకు నవ్వుతున్నానో అర్థం కాక కొంచెం జరిగి కూర్చుంది.