డబ్బాల సాఫ్ట్‌వేర్ ఎవరిది?

2023 ఎండాకాలం. రాయపూర్ దగ్గరి ఉక్కు ప్లాంటు ఊళ్ళో, సుపేలా మెయిన్ రోడ్డు మీద మొబైల్ షాపు పైన నా ఆఫీసు. ట్రేడ్‌మార్క్, కాపీరైట్ పనులు చూస్తానని బోర్డు పెట్టుకున్నాను గానీ, మెట్లెక్కి వచ్చేవాళ్ళలో సగం మంది విడాకులకో ఇంటి తగాదాలకో వస్తారు. కాపీరైట్ అంటే జిరాక్స్ సెంటరనుకుని ఆధార్ కార్డు చేతిలో పెట్టినవాళ్ళు కూడా ఉన్నారు. నవ్వకండి, ఒక్కరు కాదు.

ఆ రోజు వచ్చినావిడ సత్యవతమ్మ. రిసాలిలో మెస్ నడుపుతుంది. ఎవరూ వచ్చి కూర్చుని తినే మెస్ కాదు, ప్లాంటులో పనిచేసేవాళ్ళకి భోజనం డబ్బాలు పంపే మెస్. క్యాంప్ 2 బస్తీ నుంచి నలుగురైదుగురు ఆడవాళ్ళు వచ్చి ఆవిడతో పాటు వండుతారు. అరవై దాటిన మనిషి, మెట్లెక్కేసరికి ఆయాసం. కుర్చీలో కూలబడి మోకాళ్ళు రుద్దుకుంటూ మొదలెట్టింది.

"వకీలమ్మా, రాయపూర్‌లో కేంటీన్ల కంపెనీవోళ్ళు మా డబ్బాల సాఫ్ట్‌వేర్ వాడుకుంతామంతన్నారు. నెలనెలా ఇత్తారట. అదొత్తే నేనీ పొయ్యి కాడ నిలబడక్కర్నేదు, కోడలికి మెస్సు అప్పజెప్పి కూకుంతాను. వోళ్ళ వకీలేమో ఇది నీదేనని కాగితం తెమ్మంతన్నాడు. నా మెస్సు, నా డబ్బాలు. మరింకెవరిదేటి?"

నాకూ కుతూహలం పుట్టింది. డబ్బాలకి సాఫ్ట్‌వేర్ ఏమిటని అడిగాను. ప్లాంటులో షిఫ్టులు మారుతూ ఉంటాయి కదా. ఈ వారం పొద్దున వెళ్ళేవాడు వచ్చే వారం రాత్రికి వెళ్తాడు. ఎవరికి ఎప్పుడు, ఏ గేటు దగ్గరికి, ఏమి పంపాలో ఈ సాఫ్ట్‌వేర్ ముందే చెబుతుంది. నైట్ షిఫ్ట్ దిగినవాడికి అన్నం వద్దు, తేలిగ్గా ఏదైనా చాలు. కొలిమి దగ్గర పనిచేసేవాడికి ఎండల్లో మజ్జిగ ఎక్కువ, ఉప్పు కొంచెం ఎక్కువ. ఇవన్నీ సత్యవతమ్మ ఏళ్ళ తరబడి తిట్లు తిని నేర్చుకున్న సంగతులు.

"బాగుంది. రాసిందెవరు?"

"మా ఇమ్మూ. ఇమ్మానుయేలు. రాయపూర్‌లో కంప్యూటర్ల ఉద్యోగం. నేను చెప్తుంతే ఆదివారాలు కూకుని రాసీసేడు."

"జీతం ఏమైనా ఇచ్చారా?"

"జీతమేటి! మా అక్క కొడుకమ్మా వాడు."

"పోనీ ఏమైనా రాసుకున్నారా?"

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. ఇంట్లో పిల్లాడి దగ్గర సంతకం తీసుకునే మనుషులు కూడా ఉంటారా అన్నట్టు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. సాఫ్ట్‌వేర్‌కి మూలం సోర్స్ కోడ్, అంటే కంప్యూటర్‌కి అర్థమయ్యేలా రాసిన సూచనలు. మన చట్టం దాన్ని ఒక పుస్తకం లాగే చూస్తుంది. జీతగాడు ఉద్యోగంలో భాగంగా రాస్తే అది యజమానిది. బయటివాడు రాసిపెడితే, వేరే ఒప్పందం లేనంతవరకూ రాసినవాడిదే. ఎవరి బుర్రలోంచి వచ్చిందని చట్టం అడగదు, ఎందుకంటే ఉత్త ఆలోచనకి కాపీరైట్ లేదు, దాన్ని రాసిన తీరుకే ఉంది. హక్కు చేతులు మారాలంటే అసైన్‌మెంట్ అనే కాగితం కావాలి. దాని మీద రాసినవాడి సంతకం ఉండాలి.

"అంటే నా డబ్బాల తెలివి నాది కాదా?" అంది సత్యవతమ్మ.

"మీదేనండీ. కోడ్ మాత్రం ఇమ్మానుయేల్‌ది."

"ఓలమ్మో! వాడికి తెలుసా?"

తెలుసు. ఎలా తెలిసిందో ఆ శనివారం అతనే వచ్చి చెప్పాడు. ముప్ఫై దాటిన కుర్రాడు, సన్నగా, నెమ్మదిగా మాట్లాడతాడు.

"మేడమ్, ఆ కంపెనీ వకీల్ సాబ్ నాకు సీదా ఫోన్ చేసినాడు. లీగల్‌గా మాలిక్ నువ్వే, మాకే రాసిచ్చెయ్, మెస్ ఆంటీతో పని లేదన్నాడు. మంచి ఆఫరే ఇచ్చినాడు."

చట్టం ప్రకారం అతను ఆ పని చేయవచ్చు. నేను సత్యవతమ్మ వకీల్ని, ఆ మాట అతనికి ముందే చెప్పేశాను, ఇంక నేనేం చెప్పినా పక్షపాతమే. బల్ల మీద అసైన్‌మెంట్ ముసాయిదా పెట్టి, "ఇది మీ పిన్ని పేరుకి మార్చే కాగితం. కావాలంటే మీరు వేరే వకీలుకి చూపించుకోండి" అన్నాను.

అతను కాగితం చదవలేదు. "సంతకం తీసుకోమని పిన్నే చెప్పిందా?" అన్నాడు.

"నేనే చెప్పాను. ఆవిడకి ఇష్టం లేదు."

"నేను కంపెనీకి అమ్మేస్తానని భయపడిందా?"

ఏం చెప్పను? లేదంటే అబద్ధం, ఔనంటే అతని మనసు విరుగుతుంది. నేను తడబడుతుండగానే లేచి వెళ్ళిపోయాడు. నాకు ఒళ్ళు మండింది. అతని మీద కాదు, కాగితం లేకపోతే ఒక ప్రేమకి విలువ కట్టలేని నా వృత్తి మీద.

మధ్యలో ఆదివారం ఏం మాట్లాడుకున్నారో గానీ, సోమవారం పొద్దున్నే ఇద్దరూ కలిసి వచ్చారు. మెట్ల మీదే పోట్లాట వినిపిస్తోంది.

"నాకొద్దు, వాడి పేరే ఉండనీండి వకీలమ్మా! రాసినోడు వాడు. డబ్బులు వాడే తీసుకోనీ. నేనింకా వండగలను."

"నీ మోకాళ్ళు చూసినావా పిన్నీ? మేడమ్, ఆ కంపెనీకి నహీ బోల్ దియా. ఫ్రీగా పిన్ని పేరుకి రాసెయ్యండి. బస్, ఖతం."

ఇన్నేళ్ళ వృత్తిలో నాకు పట్టుకోవడానికి కొట్టుకునే క్లయింట్లే దొరికారు. వదులుకోవడానికి కొట్టుకునేవాళ్ళని చూడడం అదే మొదలు. కాఫీలు తెప్పించి, ఇద్దర్నీ కూర్చోబెట్టాను.

"ఉచితంగా రాసిస్తే కాగితం నిలవకపోవచ్చు. ఒప్పందానికి కన్సిడరేషన్ ఉండాలి, అంటే బదులుగా ఏదో ఒకటి ఇవ్వాలి. ప్రేమతో ఊరికే ఇవ్వడానికి చట్టంలో ఒక దారి ఉంది గానీ, దగ్గరి బంధువులై ఉండాలి."

"మరింకేటి! పిన్నిని కదా!"

నేనూ ఇక్కడి ప్లాంటు క్వార్టర్లలో పెరిగినదాన్నే. నా బాల్యంలో ఎందరు పిన్నులో, ఎందరు మామయ్యలో. అనుమానం వచ్చి అడిగాను. "సొంత పిన్నా, వీధి పిన్నా?"

సత్యవతమ్మకి కోపం వచ్చింది. "పిన్నంతే పిన్నే. అందులో రెండు రకాలేటి?"

అసలు సంగతి ఇమ్మానుయేలే చెప్పాడు. వాళ్ళ నాన్న రైల్వేలో పనిచేసేవాడు, సత్యవతమ్మ పక్కింట్లో ఉండేవారు. వాళ్ళమ్మ మేరీని సత్యవతమ్మ అక్కా అని పిలిచేది. అతను ఏడో క్లాసులో ఉండగా ఆవిడ పోయింది. ఆ మర్నాటి నుంచి స్కూలుకి అతని డబ్బా సత్యవతమ్మ ఇంటి నుంచే వెళ్ళింది. కాలేజీ అయ్యేదాకా ఒక్క పూట తప్పలేదట. రక్తసంబంధం మాత్రం ఆవగింజంత లేదు.

"అయితే ఆ దారి మూసుకున్నట్టే. చట్టం మిమ్మల్ని బంధువులంటే ఒప్పుకోదు."

"ఒప్పుకోపోతే దాని మొహం," అని సత్యవతమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. చెప్పడానికి సిగ్గెందుకు, నాకూ కళ్ళు తడిశాయి.

"డబ్బే ఇవ్వాలని లేదు," అన్నాను. "బదులుగా ఇచ్చేది చిన్నదైనా ఫరవాలేదు, నిజమైనదై ఉండాలి. ఏమిస్తారు?"

ఇమ్మానుయేల్ తల ఎత్తాడు. "ఆదివారం డబ్బా ఇయ్యమనండి మేడమ్. చేపల పులుసుతో. రాయపూర్‌లో ఏమీ బాగుండదు."

అలాగే రాశాను. ఇంకో సంగతి కూడా వివరించాను. హక్కు మారినా, రాసినది ఫలానావాడని చెప్పుకునే హక్కు అతనితోనే ఉంటుంది. అది విని సత్యవతమ్మ ప్రాణం కుదుటపడింది. తరవాత గడువు దగ్గరికి వచ్చాం. ఎన్నాళ్ళకో, ఏ దేశాలకో రాయకపోతే అసైన్‌మెంట్ ఐదేళ్ళకే, మన దేశానికే పరిమితమవుతుంది. అందుకని కాపీరైట్ ఉన్నంతకాలం అని రాస్తున్నానని చెప్పాను.

"అదెన్నాళ్ళుంతాదమ్మా?"

"రాసినవాడు బతికినంతకాలం. ఆపైన ఇంకో అరవై ఏళ్ళు."

"మరి డబ్బా సంగతేటి రాసేరు?"

"పిన్ని ఉన్నంతకాలం అని రాయండి మేడమ్," అన్నాడు ఇమ్మానుయేల్.

"ఓరి గుంటడా! నేను పోతే నువ్వు పస్తుంతావా?" అని గయ్యిమంది సత్యవతమ్మ. నా వైపు తిరిగి వేలు చూపిస్తూ చెప్పింది. "అదెంత కాలమో ఇదీ అంతకాలమే. నేను నేకపోతే మా కోడలు పంపుతాది. వాడు నేకపోతే వాడి పిల్లలకి పంపుతాది. రాయండి."

రాయపూర్ వకీలు ఆ షరతు చదివి ఫోన్‌లో పగలబడి నవ్వాడు గానీ, ఎక్కడా తప్పు పట్టలేకపోయాడు. లైసెన్స్ సత్యవతమ్మ పేరునే తీసుకున్నారు. ఆవిడ ఇప్పుడు పొయ్యి దగ్గర నిలబడడం లేదు, ఒక్క ఆదివారం తప్ప.

కాగితం అడిగితే మనవాళ్ళు అవమానం అనుకుంటారు. నేను కూడా చాలాకాలం, కాగితమంటే అపనమ్మకానికి చేసే ఏర్పాటనే అనుకున్నాను. ఆ రోజు నా చేత్తో నేను టైపు చేసింది, ఒక తల్లి లేని పిల్లాడికి తరాల తరబడి అన్నం పెడతానని ఒక ఆవిడ ఇచ్చిన మాట.