టేపు మాస్టరు కొలిచి కట్టిన కంప్యూటరు

మా వీధి దర్జీ పెళ్లాన్ని ఇంట్లోంచి తరిమేసి, మంగళవారం మంగళవారం జేబులో పట్టుగుడ్డ చుట్టిన కానుక పెట్టుకుని ఇంకో ఆవిడ దగ్గరికి వెళుతున్నాడని మీరు వినే ఉంటారు. అందులో మంగళవారం నిజం, జేబు నిజం, గుడ్డ నిజం. కాకపోతే ఆ గుడ్డ పట్టుది కాదు, కోటు లోపల వేసే అస్తరుది. ఆవిడ ఉన్న మాట కూడా నిజమే. మిగతాదంతా అబద్ధం. ఈ పుకారులో సగం నా నోటి నుంచే బయలుదేరింది గనక సరిదిద్దే పూచీ కూడా నాదే. నేనన్నది మాత్రం "మంగళవారం మంగళవారం ఎక్కడికో వెళుతున్నాడమ్మా" అని, అంతే. దానికి కాళ్లూ చేతులూ తగిలించింది ఇస్త్రీ కొట్టావిడ.

ఇతన్ని వీధంతా టేపు మాస్టరు అంటారు. మెడలో టేపు లేకుండా చూసినవాళ్లు లేరు. అన్నానికి కూర్చున్నా ఉంటుంది. మా కిటికీకి ఎదురుగా కొట్టు, దాని వెనకే రెండు గదుల ఇల్లు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా కుడుతున్నాడు గానీ కొలతల పుస్తకం ఒక్కటి పారేసిన పాపాన పోలేదు. చనిపోయినవాళ్ల కొలతలు, ఊరు వదిలినవాళ్ల కొలతలు, నేను సన్నగా ఉన్నప్పటి కొలతలు, అన్నీ భద్రం. ప్రతి పేజీకీ ఓ గుడ్డముక్క గుండుసూదితో గుచ్చి ఉంటుంది. బీరువా నిండింది. అటక నిండింది. చివరికి మంచంలో భార్య పడుకునే వైపు కూడా నిండింది.

ఆ భార్య కాజాలు కుట్టడంలో దిట్ట. కాజాలు కుట్టేవాళ్లకి ఓర్పెక్కువ. అయినా ఒకరోజు గుండుసూది వీపులో దిగేసరికి లేచి నిలబడింది.

"ఈ ఇంట్లో ఈ పుస్తకాలైనా ఉండాలి, నేనైనా ఉండాలి."

"రెండూ ఉంటే ఏం? నువ్వు కాస్త పక్కకి జరిగితే సరి," అన్నాడీ మహానుభావుడు.

మధ్యాహ్నానికల్లా సంచి సర్దుకుని చెల్లెలింటికి వెళ్లిపోయింది. మంచం ఖాళీ చేస్తేనే కబురు పెట్టమంది.

పుస్తకాలు పారెయ్యమంటే ప్రాణం పోయేలా ఉన్నాడు. అందుకని నేనే ఉపాయం చెప్పాను. "ఒక కంప్యూటరు కొనుక్కురావయ్యా. కొలతలన్నీ అందులో ఎక్కించు. పుస్తకాలు పోతాయి, మీ ఆవిడ వస్తుంది."

"కొనుక్కురావాలా? రెడీమేడా?" అన్నాడు, కంచంలో బల్లి పడ్డట్టు మొహం పెట్టి.

మరిచేపోయాను. ఆ కొట్లో రెడీమేడ్ అన్నది బూతుమాట. ఓ పెద్దమనిషి బజార్లో కొన్న ప్యాంటు పొడుగు తగ్గించమని తెస్తే గడప కూడా తొక్కనివ్వలేదు. అలాంటివాడు పెట్టెలో పెట్టి అమ్మే కంప్యూటరు కొంటాడా? విడిభాగాలు ఏరి తెచ్చి, తనే బిగిస్తానన్నాడు.

ఇక్కడ ఇతని పద్ధతి ఒకటి చెప్పాలి. ఎవరొచ్చినా ముందు గుండీలు ఎంచుకోమంటాడు, ఆ తరవాతే గుడ్డ చూపిస్తాడు. గుండీ నచ్చితే చొక్కా దానంతటదే కుదురుతుందట. ఆ లెక్కన ముందు మెమరీ కొన్నాడు. మెమరీ అంటే సన్నటి పలక, కంప్యూటరు చేస్తున్న పనిని ఆ కాసేపూ పట్టుకుని ఉండేది. వెండి రంగు తొడుగున్న పలకలు రెండు తెచ్చి, అస్తరు గుడ్డలో చుట్టి, జేబులో పెట్టుకున్నాడు. ఆ పలకలు దూరే పెద్ద బోర్డు, అదే మదర్‌బోర్డు, వెతకడానికి, కొట్టు సెలవైన మంగళవారాలు మూడు వీధుల అవతలున్న పార్టుల కొట్టుకి బయలుదేరాడు. ఆ కొట్టు నడిపేది ఒకావిడ. మీరు విన్న 'ఇంకో ఆవిడ' ఈవిడే.

మొదటి మంగళవారం ఆవిడ ఎవరితోనో మాట్లాడుతుంటే, ఇతను మెడలో టేపు తీసి ఒక మదర్‌బోర్డు మీది గాడిని కొలిచాడు. అయిదుంపావు అంగుళాలు. జేబులోని మెమరీ కొలిచాడు. అయిదుంపావే. ఇంకేం చూడాలి? కట్టించుకుని తెచ్చాడు. ఇంటికొచ్చి నొక్కితే దూరదు, తిప్పి నొక్కితే దూరదు.

రెండో మంగళవారం నేను వెనకాలే వెళ్లాను. నా రేడియో బాగానే పాడుతోంది గానీ, వెళ్లడానికో కారణం ఉండాలి కదా, రిపేరుకని చంకలో పెట్టుకున్నాను.

పార్టుల కొట్టావిడకి ముక్కు చివర కళ్లజోడు, నోట్లో అడ్డంగా స్క్రూడ్రైవరు. అది తియ్యకుండానే మాట్లాడుతుంది.

"ఏంటి మాస్టారూ, బోర్డు మీద ఈ సుద్దగీతలు?"

"ఎక్కడ కొయ్యాలో గుర్తు పెట్టానమ్మా. గోరంత తేడా వస్తోంది, కాస్త ఆల్టర్ చేస్తే..." అంటూ కుట్లు విప్పే కొక్కెం బయటికి తీశాడు.

ఆవిడ బోర్డు లాక్కుని పసిపిల్లలా గుండెకి హత్తుకుంది. "ప్రాణం తీస్తారా దీనిది! ఇది నాలుగో తరం మెమరీకి చేసిన బోర్డు. మీ దగ్గరున్నది అయిదో తరం. పలక అడుగున గంటు ఉంది చూడండి. తరం మారితే ఆ గంటు చోటు మారుతుంది. పొరపాటున ఒకదాంట్లో ఇంకోటి దూర్చకూడదనే అలా చేశారు."

"తరాల తేడాయేగా? సర్దుకుపోవాలి. మా అమ్మా మా ఆవిడా పంతొమ్మిదేళ్లు సర్దుకోలేదూ?"

"సర్దుకున్నారా?"

మాస్టరు సాక్ష్యానికి నావైపు చూశాడు. నేను రేడియో వైపు చూశాను. ఎదురింటిదాన్ని, పంతొమ్మిదేళ్లూ చెవులారా విన్నదాన్ని, అబద్ధం ఎలా ఆడను?

"పొడుగు కొలిచారు సరే," అంది ఆవిడ, "కాజా ఎక్కడుందో చూసుకోకుండా గుండీ కుట్టేస్తారా మీ కొట్లో?"

ఆ మాటతో అతని చెవులు ఎర్రబడ్డాయి. సుద్దగీతలు తన రుమాలుతోనే తుడిచిచ్చాడు. మెమరీ మార్చుకుంటే పని తేలికని ఆవిడ చెప్పింది. "గుండీ నచ్చిందమ్మా. చొక్కా మార్చండి," అన్నాడు.

అక్కణ్నుంచి ప్రతి మంగళవారం ట్రయలే. ఏ బోర్డుతో ఏ మెమరీ సరిపోతుందో పరీక్షించి, తయారుచేసినవాళ్లే జాబితా ఇస్తారట. అది తెచ్చుకుని వారమంతా భూతద్దంతో వరస వరస చదివేవాడు. నచ్చిన బోర్డు జాబితాలో దొరికేది కాదు, జాబితాలో ఉన్నది ఆవిడ దగ్గర ఉండేది కాదు. ఒకసారి అన్నీ కుదిరాయి గానీ, బోర్డు మీద గాడులు రెండే ఉన్నాయని వద్దన్నాడు.

"మీ పలకలూ రెండేగా?" అందావిడ.

"పెరిగే పిల్లకి కుట్టేటప్పుడు లోపల మడతలో గుడ్డ వదలాలమ్మా. రేపు కొలతలు పెరిగితే?"

ఆవిడ నోట్లోంచి స్క్రూడ్రైవరు తీసింది. ఎవరికోసమూ తియ్యనిది. "ఇన్ని వారాల్లో ఇదొక్కటే తెలివైన మాట," అని, నాలుగు గాడుల బోర్డు తెప్పించింది.

పదకొండో మంగళవారం కత్తిరింపు బల్ల మీద అంతా బిగించి నన్ను పిలిచాడు. మెమరీ టిక్కుమని కూర్చుంది. మీట నొక్కాడు. లోపల ఫ్యాన్లు తిరిగాయి, తెర మాత్రం నల్లగా ఉండిపోయింది. ప్లగ్గు పీకి మళ్లీ పెట్టాడు. అలా మూడుసార్లు. చివరికి పార్టుల కొట్టావిడకి ఫోను చేస్తే, ఆ తిట్లు నాక్కూడా వినిపించాయి.

"పీకకండి బాబూ! కొత్త బోర్డూ కొత్త మెమరీ మొదటిసారి కలిసినప్పుడు, ఒకదాని తీరు ఒకటి తెలుసుకోడానికి కాసేపు పడుతుంది. చేతులు కట్టుకుని కూర్చోండి!"

కూర్చున్నాం. నల్లటి తెర ముందు ఇద్దరం. మాస్టరు మెడలోంచి టేపు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఇది కూడా కుదరకపోతే పుస్తకాలన్నీ చింపేస్తాను పెద్దమ్మా. మంచం సగం ఖాళీగా ఉంటే పడుకోవచ్చు గానీ, మనిషి లేకుండా నిండుగా ఉంటే నిద్ర పట్టట్లేదు," అన్నాడు.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో వాళ్లావిడ, సంచితో సహా. ఇస్త్రీ కొట్టావిడ కాళ్లు పెట్టిన పుకారు చెల్లెలింటిదాకా నడిచి వెళ్లింది మరి. నాలుగు దులపాలని వచ్చిన మనిషి, మా మొహాలూ టేపు లేని ఆ మెడా చూసి నీరుగారిపోయింది.

"ఎవరు పోయారు?" అంది నెమ్మదిగా.

"ఇంకా తెలీదు," అన్నాడు మాస్టరు.

తెర వెలిగింది.

పార్టుల కొట్టు సంగతి మొదటి నుంచీ వాళ్లావిడకి నేనే చెప్పాను, పుకారులో నా వాటా తప్ప. ఆవిడ వంగి, గాడిలో కూర్చున్న మెమరీని అటూ ఇటూ చూసి, "కాజా బాగానే కుట్టారు," అంది. తరవాత ఓ పుస్తకం తెచ్చి చదవడం మొదలుపెట్టింది. ఇతను ఒక్క వేలితో కొట్టాడు. చీకటి పడకముందే పదకొండు మంది కొలతలు ఎక్కాయి. మంచం మీద ఇంకా వందల పుస్తకాలున్నాయి. ఆవిడ ఒక్క పుస్తకం తీసిన మేర చోటు చూసుకుని, అందులో తన దిండు నిలువునా దూర్చింది.

ఆవిడ మంచినీళ్లకని వంటగదిలోకి వెళ్లగానే, ఇన్నాళ్లూ నోట్లో దాచుకున్నది అడిగేశాను. "నిజం చెప్పవయ్యా. రెడీమేడ్ కొనుంటే మీ ఆవిడ పది వారాల ముందే వచ్చేదిగా? ఎందుకీ తిప్పలు?"

మాస్టరు టేపు మళ్లీ మెడలో వేసుకుని, వంటగది వైపు ఓ చూపు చూసి, గొంతు తగ్గించాడు.

"వచ్చేదే పెద్దమ్మా. వచ్చి, 'పెళ్లయింది మొదలు నన్నొక్క రెడీమేడ్ బట్ట కట్టుకోనిచ్చావా, నువ్వు మాత్రం కొనుక్కున్నావా' అని అడిగితే ఎక్కడ దాక్కోను? మంచం కింద దూరదామంటే అక్కడా పుస్తకాలే. అవున్నాయని ఆవిడకింకా తెలీదు, కాస్త మెల్లగా మాట్లాడు."