గుప్పెడు బియ్యం కోసం వచ్చినావిడ

ముందు మంచి వార్త చెప్పేస్తాను, ఆపుకోవడం నా వల్ల కాదు. నేను ఎం.ఎస్. పాసయ్యాను! మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. నాన్న ట్రాక్టర్ డ్రైవర్. అమ్మ నరసాపురం దగ్గర ఒక బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. ఆ అమ్మ విమానమెక్కి అర్కన్సా వచ్చి, నల్ల గౌనులో ఉన్న నన్ను చూసి, "ఏంటే, లాయరువయ్యావా?" అని అందరి ముందూ బుగ్గలు నొక్కింది. బెంటన్‌విల్‌లో ఉద్యోగం కూడా వచ్చింది.

ఇంత సంతోషంలో ఉన్నప్పుడు జరిగిన విషయం ఇది. అందుకే ఇంకా సిగ్గుగా ఉంది.

దయ్యాలూ ఆత్మలూ నేనెప్పుడూ నమ్మలేదు. చదివింది స్టాటిస్టిక్స్. హాస్టల్లో భయపడి ఒకే మంచం మీద ముడుచుకుని పడుకునే అమ్మాయిల్ని ఏడిపించినదాన్ని. ఇప్పుడు నమ్ముతున్నానా అంటే అదీ చెప్పలేను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఉద్యోగంలో చేరడానికి ఇంకా టైముంది. అమ్మని సెయింట్ క్రోయ్ దీవికి తీసుకెళ్ళాలని నా కోరిక. తిరిగి రావడానికి వీసా స్టాంపింగ్ దొరకదేమోనన్న భయంతో అమెరికా దాటి వెళ్ళలేని మాలాంటి వాళ్ళకి కరీబియన్ సముద్రం చూడాలంటే ప్యూర్టోరికో, లేదంటే సెయింట్ క్రోయ్ ఉన్న ఈ వర్జిన్ ఐలాండ్స్. అమెరికా కిందే ఉంటాయి కాబట్టి వీసా గొడవ లేదు. చదువుకునే రోజుల్లో ఫ్రెండ్స్‌తో ఒకసారి అక్కడ ఫ్రెడరిక్‌స్టెడ్ అనే చిన్న ఊరికి వెళ్ళాను. అలలు లేని సముద్రం, పొడవాటి రేవు, ఒడ్డునే బాదం చెట్లు. అప్పటినుంచి అమ్మకి ఫోన్‌లో ఆ ఊరి కబుర్లే.

ఈసారి మేం నలుగురం వెళ్ళాం. నేను, అమ్మ, నా రూమ్మేట్‌గా ఉన్న శ్రావణి, వాళ్ళాయన కిరణ్. కిరణ్ అక్కడినుంచే ఆఫీసు పని చేసుకుంటానన్నాడు. ఎయిర్‌పోర్ట్ నుంచి కారు రోడ్డుకి ఎడమవైపున పోతుంటే అమ్మ మొహం వెలిగిపోయింది. "హమ్మయ్య, ఇక్కడ సరైన పక్కనే నడుపుతున్నారు" అంది.

ఇల్లు కూడా పోయినసారి దిగినదే. ఒక్కటే తేడా. వెనక వరండా నుంచి ఇసుకలోకి దిగే చెక్క మెట్లు తుపానులో కొట్టుకుపోయాయట. మనిషెత్తు వరండా. మెట్లున్న చోట రెయిలింగ్ మధ్య ఖాళీకి అడ్డంగా తాడు కట్టారు. పోయినసారి ఆ మెట్ల మీద కూర్చుని పులిహోర తిన్నాం. లేకపోయేసరికి నాకు కొంచెం దిగులేసింది.

ఇక్కడ అమ్మ అలవాటు ఒకటి చెప్పాలి. మేం క్రైస్తవులం. మా వైపు ఆడవాళ్ళు అన్నం వండే ముందు, కడగబోయే బియ్యంలోంచి ఒక గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. అది దేవుడి వాటా. చర్చి తరపున ఒకావిడ సంచి పట్టుకుని ఇంటింటికీ వచ్చి తీసుకెళ్తుంది, లేనివాళ్ళకి వెళ్తుంది. అమ్మ బెంటన్‌విల్‌లోనూ మానలేదు. ఆ బియ్యం జిప్‌లాక్ కవర్లో పోసి తెలుగు చర్చిలో పాస్టరమ్మగారి చేతిలో పెడితే, ఆవిడ నవ్వు ఆపుకుంటూ తీసుకున్నారు. నేను చెప్పులకేసి చూస్తూ నిలబడ్డాను.

సూట్‌కేస్‌లో రైస్ కుక్కరూ, బియ్యమూ తెచ్చుకున్నాం కదా, అమ్మ అక్కడా మొదలుపెట్టింది. ఖాళీ కాఫీ డబ్బా వెతికి పొయ్యి పక్కన పెట్టుకుంది.

మర్నాడు పొద్దున మేం ముగ్గురం సముద్రంలో మునిగొచ్చేసరికి అమ్మ చాలా ఉషారుగా ఉంది. "ఒకావిడ వచ్చిందే. బియ్యం ఉంచావా అనడిగింది. ఇచ్చేశాను."

"ఏ భాషలో అడిగిందమ్మా?"

"మన మాటేనే. కొంచెం యాస వేరు, పాతకాలం వాళ్ళలాగా. కానీ మన మాటే."

కిరణ్ నవ్వాడు. "ఇక్కడ కూడా తెలుగు అసోసియేషన్ పెట్టేశారేమో ఆంటీ. రేపు మెంబర్‌షిప్ అడుగుతది చూడండి."

అమ్మ కూడా నవ్వింది. "పాపం, లోపలికి రమ్మంటే రాలేదు. ఆ మెట్ల మీదే నిలబడి ఒడి పట్టింది" అని వెనక వరండా వైపు చూపించింది.

కిరణ్ నవ్వు ఆపి మెల్లగా అన్నాడు. "అక్కడ మెట్లు లేవు ఆంటీ."

అమ్మ వెళ్ళి తాడు పట్టుకుని కిందికి చూసింది.

మా అమ్మమ్మకి చివర్లో మతిమరుపు జబ్బు వచ్చింది. సొంత కూతురైన మా అమ్మనే గుర్తుపట్టేది కాదు. నాకు వెంటనే అదే గుర్తొచ్చింది. ఇక నా బుద్ధి అక్కడే తిరిగింది. అమ్మ రోజూ గుప్పెడు వేస్తూనే ఉంది, ఆవిడే పట్టుకెళ్ళిందంటుంది, డబ్బా చూస్తే ఖాళీ. అమ్మే పారబోసి మర్చిపోతోందనుకుని వరండా కింద ఇసుకలో వెతికాను. ఒక్క గింజ కనబడలేదు. పిట్టలు తినుంటాయని సర్దిచెప్పుకున్నాను.

భోజనాల దగ్గర, శ్రావణి, కిరణ్ల ముందే, అమ్మకి పరీక్షలు పెట్టడం మొదలుపెట్టాను. ఇవాళ ఏ వారమమ్మా? మనం ఏ ఊళ్ళో ఉన్నామమ్మా? అమ్మ అన్నిటికీ సరిగ్గానే చెప్పింది. చెప్పి, కంచంలోకి చూస్తూ అన్నం కలుపుకుంది. శ్రావణి నన్ను పక్కకి లాగి, "గట్ల అందరి ముందట అడుగుతరా? ఆంటీ మంచిగనే ఉన్నది" అంది. నేను వినలేదు. నేను చదువుకున్నదాన్ని కదా, లక్షణాలన్నీ ఇంటర్నెట్‌లో చూసేశాను. అమ్మ టికెట్ ముందుకి జరిపించి, ఇండియా పంపించి డాక్టర్‌కి చూపించాలని నిర్ణయించేశాను. అమ్మకేమో నేను ఉద్యోగంలో చేరే రోజు ఆఫీసు గుమ్మం దాకా వచ్చి చూడాలని ఆశ. "ఆ ఒక్కరోజూ చూసి వెళ్తానే" అంది. "ముందు ఆరోగ్యం" అన్నాను.

ఆ తర్వాత ఒక పొద్దున, ఈ గొడవ ఇంతటితో ఆపేద్దామని, అమ్మ స్నానానికి వెళ్ళగానే డబ్బాలో బియ్యాన్ని తిరిగి సంచిలో పోసేశాను. కిరణ్ ముందుగదిలో ఆఫీసు కాల్‌లో ఉన్నాడు. శ్రావణి వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతోంది. నేను తడి తువ్వాళ్ళు ఆరేయడానికి వెనక వరండాలోకి వెళ్ళాను. ఎండ బాగా కాస్తోంది. రేవు మీద మనుషులు తిరుగుతున్నారు.

తువ్వాలు దులిపి తల ఎత్తేసరికి తాడుకి అవతల ఒకావిడ నిలబడి ఉంది.

పెద్దావిడ. మన రంగే. తలకి గుడ్డ చుట్టుకుంది, ఒంటి మీద వెలిసిపోయిన పొడుగాటి గౌను. అక్కడి ముసలమ్మలు చాలామంది అలాగే ఉంటారు. నాకు భయం వెయ్యలేదు. నా కళ్ళకి ఎదురుగా ఆవిడ కళ్ళున్నాయి. గౌను ముందుభాగం రెండు చేతులా ఒడిలా పట్టుకుని ఉంది.

"ఉంచావా అమ్మా?" అంది. తెలుగులో.

నేను "లేవు" అన్నాను. ఆలోచించి అన్నది కాదు. గుమ్మంలోకి వచ్చినవాళ్ళతో అనేస్తాం చూడండి, అలా నోటికి వచ్చేసింది.

ఆవిడ ఒడి వదిలేసి గౌను సర్దుకుంది. నా భుజం మీదుగా ఇంట్లోకి ఒకసారి చూసింది. నా చేతిలోని బట్టల క్లిప్పు కింద పడింది. వంగి తీసుకుని లేచేసరికి ఆవిడ లేదు. అప్పుడు చూశాను, తాడు కట్టింది కట్టినట్టే ఉంది. అవతల నిలబడడానికి ఏమీ లేదు. మనిషెత్తు కింద ఇసుక. రాత్రి వాన పడి ఇసుకంతా చదునుగా ఉంది, దాని మీద ఒక్క అడుగు లేదు.

"ఎవరితోని మాట్లాడుతున్నవే?" శ్రావణి గొంతు. కిరణ్ కూడా హెడ్‌సెట్ మెడలోకి జార్చుకుని వచ్చాడు. వాళ్ళ వెనకే తడిజుట్టుకి తువ్వాలు చుట్టుకుని అమ్మ. నా మొహం ఎలా ఉందో నాకు తెలియదు. అమ్మ మాత్రం చూడగానే కనిపెట్టేసింది.

"వచ్చిందా? చూశావు కదా? చెప్పవే వీళ్ళకి."

వారం నుంచి వీళ్ళిద్దరికీ అమ్మ జబ్బు గురించి క్లాసు పీకుతున్నాను. ఇప్పుడు నేనూ చూశానంటే? కిరణ్ మొహంలో నవ్వు అప్పుడే మొదలవుతోంది.

"ఎవరూ లేరమ్మా. పాట పాడుకుంటున్నా" అన్నాను.

అమ్మ "ఓహో" అంది. అంతే. కోప్పడలేదు. తువ్వాలు విప్పుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి అమ్మ గుప్పెడు బియ్యం తియ్యడం మానేసింది. స్టవ్ కట్టేసి కూడా, "కట్టేశానా? ఓసారి చూడమ్మా" అని శ్రావణిని అడిగేది. ఎవరూ అడగకుండానే పొద్దున్నే నా దగ్గరికొచ్చి, "ఇవాళ గురువారం. అవునా?" అనేది. తనంతట తనే టికెట్ మార్చెయ్యమంది. "మా అమ్మకి వచ్చింది నాకూ వచ్చినట్టుందే" అని మామూలుగా చెప్పింది. మిగిలిన సెలవులన్నీ ఇది చూస్తూనే ఉన్నాను. అయినా నిజం చెప్పలేదు.

తిరుగు ప్రయాణంలో విమానం ఎక్కాక, శ్రావణీ కిరణ్ ఎక్కడో ముందు సీట్లలో కూర్చున్నాక, అప్పుడు చెప్పాను. తలగుడ్డ, ఒడి, ఆవిడ అన్న మాట, నేను ఆడిన అబద్ధం, అన్నీ. ఏడుస్తూ చెప్పాను. అమ్మ ఊపిరి పీల్చుకుంటుందనుకున్నాను. లేదా తిడుతుందనుకున్నాను.

అమ్మ నావైపు తిరిగి, "మరి ఆవిడకేం ఇచ్చావు?" అంది.

"ఏమీ ఇవ్వలేదు. లేవన్నాను."

"ఇంట్లో బియ్యం పెట్టుకునా?"

తర్వాత విమానం దిగేదాకా అమ్మ కిటికీలోంచే చూస్తూ ఉంది. ఇక అమ్మ టికెట్ నేను మార్చలేదు. నేను ఉద్యోగంలో చేరిన రోజు ఆఫీసు గుమ్మం దాకా వచ్చింది, ఫోటో దిగింది, నవ్వింది.

చెరకు తోటల్లో పనికి ఒకప్పుడు మన దేశం నుంచి కూడా మనుషుల్ని ఆ దీవికి తెచ్చారని తర్వాత ఎక్కడో చదివాను. దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో చెప్పలేను. ఆవిడ ఎవరో, ఆ భాష ఆవిడకెలా వచ్చో, ఏమీ లేని చోట దేని మీద నిలబడిందో నాకు ఈరోజుకీ తెలియదు. లేవని చెప్పి పంపేసింది మాత్రం నేను.