మంచులో కొల్హాపూర్ విమానం

నేల మీదే ఆగిపోయిన విమానం ఆకాశంలో ఎట్లా మోగుతుంది?

యాలాల్ దగ్గరి పల్లెలో గొర్రెలు కాసే హన్మయ్య ఎన్నడూ చేతికి గడియారం కట్టలేదు. ఒక పట్టింపు మాత్రం ఉండేది. ఇంట్లో ఎవరూ లేకపోతే గొర్రెలకైనా సరే, "పోయొస్త" అని చెప్పకుండా దొడ్డి దాటేవాడు కాదు. బిడ్డ సింధుజ శంషాబాద్ విమానాశ్రయంలో కొలువుకు చేరినంక ఆయనకు గడియారం అక్కర కూడా తీరింది. రోజూ పొద్దున ఊరి మీదుగా పోయే కొల్హాపూర్ విమానం లెక్క ఆమే చెప్పింది.

"కొల్హాపూర్ నాలుగువందల యాభై కిలోమీటర్లుంటది నాయినా. గంటంబావు పడ్తది. మన ఊరి మీదికి రానీకె ఇరవై నిమిషాలు."

"నా గొర్రెలతోని పోతె నెల పడ్తది," అని నవ్వాడు.

పొద్దున వికారాబాద్ నుంచి తాండూరు పోయే ప్యాసింజరు వెళ్లిపోయేది. దాని వెనక విమానం మోగేది. అటుపైన అరగంట దాకా ఏ బండీ రాదు. ఆ సందులోనే మంద పట్టాలు దాటి కాగ్నా ఒడ్డు చేరాలి. ముందు భార్య దేవమ్మ, వెనక హన్మయ్య. ఆరేళ్లు అట్లాగే నడిచింది.

నిరుడు పుష్యమాసంలో ఒకనాడు, చాపిన చెయ్యి కనబడనంత మంచు. పట్టాల దగ్గర ఆగారు. తలల మీదుగా మోత సాగిపోయింది.

"నడువు, విమానం పోయింది."

"నాకేం ఇనరాలే," అంది దేవమ్మ. "జర ఆగుదాం."

"నీకు నా మాటే ఇనరాదు, విమానం ఏం ఇనొస్తది!"

దేవమ్మ నవ్వుకుంటూ, "హుర్ర్... హుర్ర్..." అని మందను పిలుస్తూ మంచులోకి అడుగేసింది. మంచుకు ఆలస్యమైన ప్యాసింజరు అప్పుడే వచ్చింది.

దేవమ్మ పోయిన మూడోనాడు, ఆమె పేరు మీద పిట్టకు ముద్ద పెట్టేటప్పుడు సింధుజ అడిగింది. "గా పొద్దు పది దాక ఒక్క విమానం లేవలే నాయినా. నువ్వేం ఇన్నవ్?"

లేని సప్పుడు విని దేవమ్మను తనే పట్టాల మీదికి తోలాడా? ఏడాదంతా అన్నం ముద్ద దగ్గర కూడా హన్మయ్యకు అదే ప్రశ్న.

ఈ పుష్యంలో మళ్లీ అట్లాంటి మంచే దిగింది. సింధుజ ఫోన్ చేసింది.

"నాయినా, ఇయ్యాల విమానం లేవలే. నా కండ్ల ముందటనే ఉన్నది. మందను ఇప్పకు."

"సరే బిడ్డా."

ఇంతలో తూర్పు దిక్కున మోత మొదలైంది. దొడ్లో గొర్రెలన్నీ ఒక్కసారే తలలెత్తాయి.

"నాయినా..." అంది సింధుజ ఫోన్‌లో. "గా సప్పుడేంది?"

"నీకు సుత ఇనొస్తుందా?"

"ఇనొస్తుంది."

హన్మయ్య గుండె మీది బండ దిగినట్టు ఊపిరి వదిలాడు. మోత పడమటికి జారిపోయింది. అది ఆగిన చోట, పట్టాల దిక్కు నుంచి, ఎవరో మందను పిలుస్తున్నారు. "హుర్ర్... హుర్ర్..."

ఫోన్‌ను గోడ మీద పెట్టాడు. కర్ర తీసుకోలేదు. "నాయినా, నాయినా" అని ఫోన్ పిలుస్తూనే ఉంది. గొర్రెలు ఆయన నోటి వైపే చూస్తున్నాయి. పోయొస్త అనకుండానే హన్మయ్య దొడ్డి దాటి మంచులోకి నడిచాడు.