సాల్జ్‌బర్గ్‌లో బండి దగ్గర

నేను యూరప్ పోయి వచ్చి ఏడాది కావస్తోంది. ఎట్లా ఉంది అని ఇప్పటిదాకా ఒక్కరూ అడగలేదు. శుక్రవారం ఇక్కడ కువైట్‌లో, మహబూలాలో ఉండే మా రాజంపేట వాళ్ల ఫ్లాట్‌కు పోతే, ఎవరో కొన్న కొత్త ఫోను గురించి గంటసేపు మాట్లాడుకున్నారు. నేను నోరు తెరిస్తే, "నీదేముందిలేన్నా, బండి తోలేదానికి పోయింటావు" అన్నాడొకడు. ఆ మాట మరచిపోను. నేను బండి తోలలేదు. వంటాయన సెలవులో ఉన్నాడని, వాళ్లు తినే మాంసం అన్నం, మచ్‌బూస్, నాకూ చేయడం వచ్చని, ఇంటి డ్రైవరునైన నన్ను మా యజమాని బాబా వంటకు వెంట తీసుకెళ్లాడు. ఈ ఎండాకాలం బాబా వాళ్లు మళ్లీ వెళ్తున్నారు. నేనూ వస్తానని మూడుసార్లు అడిగాను. జవాబు లేదు. అందుకే రాస్తున్నాను.

ఆస్ట్రియాలో ఒక సరస్సు పక్కన ఇల్లు తీసుకున్నారు. ఒకరోజు పొద్దున్నే అద్దె వ్యాన్‌లో అందరం సాల్జ్‌బర్గ్ చూడటానికి బయలుదేరాం. బాబానే తోలాడు. నేను వెనక సీట్లో, ఒళ్లో సంచులతో. అక్కడ కార్లు పెట్టే చోటు కొండను తొలిచి కట్టారు. "ఐదింటికి ఇక్కడికి రా, అంతవరకు నీ ఇష్టం" అని బాబా వాళ్లు వెళ్లిపోయారు.

నేను బండి పక్కన నిలబడ్డాను. పన్నెండేళ్లుగా కువైట్‌లో బడి ముందు, ఆసుపత్రి ముందు, మాల్ కింద అట్లాగే నిలబడ్డాను. ఇంకోటి తోచలేదు. బండి తాళం కూడా నా దగ్గర లేదు.

గంటన్నర తరువాత పాప స్వెట్టరు కోసం బాబా భార్య, మేం మామా అంటాం, వాళ్ల పాపను వెంటబెట్టుకుని వెనక్కి వచ్చింది.

"ఇంకా ఇక్కడే ఉన్నావా?"

"బండి, మామా..."

"బండి ఒక్కటే ఎక్కడికి పోతుంది? యల్లా, పో! ఊరు చూడు!"

పాప పడిపడి నవ్వింది. ఆ కోపం ఇప్పటికీ కొంచెం ఉంది. అయినా పోయాను.

బయట ఎండ ఒంటికి హాయిగా తగిలింది. ఎండలో కావాలని నడవడం ఎన్నేళ్లకో. ఏరు లేత పచ్చగా, గట్టిగా పారుతోంది. వంతెన కంచె నిండా తాళాలు వేలాడుతున్నాయి. ప్రేమికులు వేసి పోతారని తరువాత పాప చెప్పింది. కొండ మీద తెల్లటి కోట. ఏటి గట్టున బెంచీ మీద కూర్చుని, నేను కలిపి తెచ్చుకున్న చిత్రాన్నం తిన్నాను. చర్చి గంటలు ఒకదాని వెంట ఒకటి మోగాయి. నా ఫోనులో అక్కడి సిమ్ లేదు, అది మోగలేదు. ఎవరూ నన్ను పిలవలేదు. పక్కన కూర్చున్న ముసలాయన నన్ను చూసి తల వంచి పలకరించాడు. నేనూ వంచాను. అంతసేపు ఊరికే కూర్చోవడం నాకు చేతనవునని అప్పటిదాకా తెలియదు.

ఐదింటికి పది నిమిషాల ముందే బండి దగ్గరున్నాను.

ఆ ఊళ్లో సగం చూడనేలేదు. కోట పైకి ఎక్కలేదు. అడిగిన ప్రతిసారీ బాబా "ఇన్షాల్లా" అంటాడు, ఫోను తీసుకుంటాడు. అది జవాబు కాదు. ఈసారి వంటాయన సెలవులో లేడు, నాకు తెలుసు. సంచులు మోస్తాను, వంటపాత్రలు కడుగుతాను, ఏదైనా సరే. టికెట్లు తీసేలోపు నా ముఖం చూసి ఒక్క మాట చెప్పండి బాబా: నన్ను తీసుకుపోతారా, లేదా?