రాగి బిందె నీళ్ళు

పద్మనాభం ఢిల్లీ వచ్చి ముప్ఫై ఏళ్ళు దాటినా నరసాపురం ఉప్పుగాలి ఆయన ముక్కులోంచి పోలేదు. మంత్రిత్వ శాఖలో సెక్షన్ ఆఫీసరు. తన వెనక చేరినవాళ్ళు పై కుర్చీలెక్కి, “దయచేసి చర్చించండి” అని రాసి పంపే ఫైళ్ళు ఆయన బల్ల మీదకే వస్తాయి. సరోజినీ నగర్ క్వార్టర్లో ఆయనకంటూ ఉన్నది ముందుగదిలో నాలుగడుగుల ఉప్పునీటి గాజుతొట్టి ఒక్కటే.

భార్య అన్నపూర్ణేశ్వరికి అదంటే గిట్టదు. “జాతకం చూసి పగడం ఉంగరం పెట్టుకోమంటే, ఈయన పగడాన్ని తెచ్చి పెట్టెలో పెట్టుకున్నాడమ్మా!” అని పక్కింటావిడతో అనేది. పదకొండేళ్ళలో ఒక్కసారి ఆ గాజు తుడిచిన పాపాన పోలేదు.

తొట్టి మధ్యలో అరచేతిలో పట్టేంత కోరల్, అంటే బతికున్న పగడం, ఉంది. ఆరేళ్ళ కిందట మునిర్కాలో గది ఖాళీ చేస్తూ మైథిలి అనే పరిశోధక విద్యార్థిని ఇచ్చి వెళ్ళింది. “అంకుల్, ఇది రాయి కాదు, ప్రాణి. దీనికి ఏం చేసినా నెమ్మదిగా చెయ్యండి” అంది. ఆకుపచ్చ వేళ్ళు విప్పుకుని అది ఊగుతుంటే, ఆఫీసు నుంచి వచ్చిన పద్మనాభం చెప్పులైనా విప్పకుండా చూస్తూ నిలబడేవాడు.

మొన్న జూలై ఉక్కలో అది పాలిపోవడం మొదలెట్టింది. వేళ్ళు ముడుచుకున్నాయి. పచ్చదనం గంజిరంగుకి దిగింది. రెండు నత్తలు బోర్లాపడి చచ్చాయి. వేడేమోనని ఫ్యాను పెట్టాడు, లైటు తగ్గించాడు. ఆదివారం కొంత నీరు మారిస్తే రెండురోజులు తేరుకునేది. బుధవారానికి మళ్ళీ ముడుచుకునేది.

మైథిలికి ఫోన్ చేశాడు.

“నీళ్ళలోకి రాగి ఏమైనా వెళ్తోందా అంకుల్? మనకేం కాదుగానీ వాటికి విషం.”

“రాగి ఎక్కడిదమ్మా నా తొట్టిలో!” అని నవ్వేశాడు.

మర్నాడు ఆఫీసుకి బయల్దేరి, ఐడీ కార్డు మరిచిపోయి వెనక్కొచ్చాడు. అన్నపూర్ణ స్టూలెక్కి, చెంబుతో తొట్టిలో నీళ్ళు పోస్తోంది.

“ఏం చేస్తున్నావ్!”

“అబ్బ, అలా అరుస్తారేవిటండీ? పార్లమెంటు ప్రశ్నలంటూ మీరు పొద్దుపోయి వస్తున్నారు, ఇందులో నీళ్ళేమో తరిగిపోతున్నాయి. నెల్లాళ్ళుగా నేనే పోస్తున్నా.” ఆమె మొహంలో చిన్న సిగ్గు. “మీరు దీనికోసం పట్టి ఉంచే ఆ ప్లాస్టిక్ డబ్బాలోవి దానికెందుకని, రాత్రంతా రాగి బిందెలో ఉంచినవి పోస్తున్నా. మీకిచ్చేవీ అవేగా.”

మంచిమాట ఒక్కటి అప్పుడే అనుంటే సరిపోయేది. పద్మనాభం అనలేదు.

“రాగి విషం! పదకొండేళ్ళు దీని జోలికి రాలేదు, అదే నయం. నువ్వు చెయ్యి పెట్టావు, ఇది చచ్చింది.”

ఆమె స్టూలు దిగింది. చెంబులో మిగిలినవి సింకులో ఒంపి, చెంబు బోర్లించింది.

ఆయన రెండురోజులు సెలవు పెట్టాడు. నీరు కొంచెం కొంచెంగా మార్చాడు, రాగిని పీల్చే బొగ్గు సంచులు వేశాడు, ఇంకేమీ కదపకుండా కాచుకుని కూర్చున్నాడు. నాలుగువారాలకి ఒక మూల పచ్చటి చుక్క కనబడింది. దీపావళికి ఆరు వేళ్ళు విచ్చుకున్నాయి. మిగతా సగం తెల్లటి ఎముకలాగే ఉండిపోయింది.

“అన్నపూర్ణా! ఒక్కసారి ఇలా వచ్చి చూడు!”

“నాకెందుకు లెండి. నా కన్ను పడితే మళ్ళీ చస్తుందేమో.” వంటింట్లోంచి వచ్చిన ఆ మాటలో నవ్వు లేదు.

కాసేపటికి స్టీలు గ్లాసుతో ఫిల్టరు నీళ్ళు తెచ్చి బల్లమీద పెట్టింది. మూడునెలలుగా ఇవే. ఆ రోజే అడగబుద్ధయింది ఆయనకి.

“రాగి బిందె ఏది?”

“అటక మీద పెట్టేశా. విషమన్నారుగా.”

“అది వాటికే, మనకి కాదు.”

“నాకు తెలుసా ఆ సంగతి?” అంది ఆమె. “తెలిసి పోశానా?”

ఆయన నీళ్ళు తాగాడు. ఆమె గ్లాసు తీసుకుని, తొట్టి వైపు చూడకుండా లోపలికి వెళ్ళింది.