మేస్త్రీతోనే మాట

మిర్యాలగూడలో కొత్త రైస్‌మిల్లు కడుతున్న చోట ఇంజనీరు సంపత్ కూలీలతో మాట్లాడడు. ఇటుకలు మోసే రూతమ్మ ఎదురుగానే ఉన్నా, మేస్త్రీ వెంకటయ్య వైపు తిరిగి, "ఆమెను ఇసుక జల్లెడ పట్టమను" అంటాడు. "మనిషికి ఒక్కరే పని చెప్పాలె. ఇద్దరం చెప్తే ఆగమైతది" అంటూ హెల్మెట్ పట్టీ సవరించుకుంటాడు. ఒకరోజు మేస్త్రీ చాయ్ తాగడానికి పోయినప్పుడు, రూతమ్మ తలపైన పరంజా కర్ర ఒకటి కట్టు ఊడి జారడం సంపత్ చూశాడు. "వెంకటయ్యా" అని పిలిచి అటూ ఇటూ వెతికాడు. ఆ తర్వాతే, "రూతమ్మా, పక్కకు జరుగు" అని అరిచాడు. ఆమె జరిగింది. అంతవరకు ఆమె నిలబడ్డ చోటే కర్ర పడింది. "నా పేరు ఎర్కేనా సారూ?" అందామె. సంపత్ పట్టీ సవరించుకున్నాడు. మేస్త్రీ రాగానే అతని వైపు తిరిగి, "ఆమెను జరసేపు కూసోమను" అన్నాడు.